ఒక బొగ్గు మనిషి కబాబు యాత్ర

బొగ్గు గురించి నాకు తెలియనిది లేదని ఇరవై రెండేళ్ళు నమ్మాను. నేను నమ్మడమే కాదు, కంపెనీ కూడా నమ్మి నెలనెలా జీతం ఇచ్చింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ గనుల్లో నా పని నమూనాలు తీయడం. వ్యాగన్లకెక్కే బొగ్గులోంచి కొంచెం తీసి, దంచి, కాల్చి, మిగిలిన బూడిద తూచి, అది ఏ గ్రేడుదో రాసి సంతకం పెట్టడం. అటువంటి నేను, మా పెద్దబిడ్డ మంజుల డిగ్రీ పాసైందని ఇచ్చిన దావత్‌లో, ఐదు కిలోల మేకమాంసాన్ని గని బొగ్గు మీద కాల్చాను. అదీ ఏరి ఏరి, మంచి గ్రేడు బొగ్గు మీద.

దీని వెనక మా బామ్మర్ది సుధాకర్ ఉన్నాడు. అతనికి బజారులో కలర్ టీవీల దుకాణం. ఇంటింటికీ కేబుల్ వైరు దిగుతున్న రోజులవి. ఒక సాయంత్రం అతని దుకాణంలో నిలబడితే, పన్నెండు టీవీల్లో ఒకే దొర, పన్నెండు నిక్కర్లలో, ఇంటి వెనక నిప్పుల మీద మాంసం తిరగేస్తున్నాడు. దాన్ని బార్బెక్యూ అంటారట. ఇంతేనా అనుకున్నాను. మాంసం దొరుకుతుంది, క్వార్టర్ వెనక జాగా ఉంది, ఇక నిప్పంటారా, మాకంటే నిప్పున్న ఊరేది? గని క్వార్టర్లలో పొయ్యిలన్నీ గని బొగ్గువే. ఆరుబయట రాజేసి, నల్లపొగ పోయేదాకా ఆగి, ఇంట్లోకి తెచ్చుకుంటాం. అన్నం, పప్పు, మాంసం అన్నీ దాని మీదే ఉడుకుతాయి. ఇన్నేళ్ళలో ఎవరూ వాసన అనలేదు. ఇన్నేళ్ళూ నిప్పుకూ కూరకూ మధ్యన ఒక గిన్నె ఉండేదన్న సంగతి మాత్రం నాకు గుర్తు రాలేదు.

మొదటి ముక్క తిన్నాక అందరూ ప్లేట్లు కింద పెట్టేశారు. సుధాకర్ ఒక్కడే ఓపిగ్గా నమిలి, కళ్ళు మూసుకుని, "బావా, చిన్నప్పుడు బల్లార్షా స్టేషన్ల పొగబండి వస్తే గిదే వాసన. మస్తు యాదికొచ్చింది" అన్నాడు. పిల్లలు వెంటనే కూ అని కూత పెట్టారు. ఆ రోజు నుంచి నేను ఇంజన్ బావను. వారం తిరగకుండానే ఆఫీసులో ఇంజన్ సాబ్‌నయ్యాను. బొగ్గు తెచ్చిన సిగ్గు అది.

ఇంతవరకైతే భరించేవాణ్ణి. మంజులకు కోఠారి ఊళ్ళో సంబంధం కుదిరింది. మాటముచ్చట్ల నాడే సుధాకర్ వాళ్ళ ముందు, "మా బావను ఇంజన్ బావ అంటం. ఎందుకో దావత్ల చెప్తా" అని ఊరించాడు. కాబోయే వియ్యంకుడు నవ్వాడు. కాబోయే అల్లుడు నవ్వకూడదని తల దించుకుని మరీ నవ్వాడు. రేపు అల్లుడు ఇంజన్ మామ అంటాడు, మనవలు ఇంజన్ తాత అంటారు. నేను అక్కడికక్కడే లేచి, "నిశ్చితార్థం మర్నాడు దావత్‌ల కబాబులు నేనే కాలుస్తా" అని ప్రకటించాను. కూర్చున్నాక లెక్క చూసుకున్నాను. చేతిలో మూడు నెలలున్నాయి, తలలో ఏమీ లేదు.

కంపెనీ నాలుగేళ్ళకోసారి భార్యాభర్తలకు యాత్ర ఖర్చులిస్తుంది. కాగితం మీద కాశీ అని రాశాను. దారిలో ఢిల్లీ, లక్నో, తిరిగొచ్చేటప్పుడు హైదరాబాద్ అని మనసులో రాసుకున్నాను. మా ఆవిడ సత్తెమ్మ కాశీ అనగానే ట్రంకు పెట్టె సర్దింది. ఆమె సోమవారం, గురువారం, శనివారం మాంసం ముట్టదు.

ఢిల్లీ, సోమవారం

పెద్ద మసీదు ఎదుటి గల్లీలో నడవాలంటే కాళ్ళతో పని లేదు, జనమే నడిపిస్తారు. ఒక సీకు కబాబుల బండి దగ్గర మమ్మల్ని వదిలిపెట్టారు. బండివాడి పేరు యాసీన్ భాయి. నాలుగు సీకులు ఎనిమిది రూపాయలు. ఉల్లిగడ్డ, పుదీనా పచ్చడి ఊరికే. మన దగ్గర ఉల్లిగడ్డ రెండోసారి అడిగితే మొహం చూస్తారు, ఇక్కడ అడగక ముందే వేస్తున్నారు.

మొదటి సీకు తిన్నాను. రెండోది తిన్నాను. పొగబండి రాలేదు. మూడోది తిన్నాక యాసీన్ భాయిని బొగ్గేమిటని అడిగాను. నేను చేసేది బొగ్గు పనేనని చెప్పేసరికి అతను పొంగిపోయి ఒక ముక్క నా చేతిలో పెట్టాడు. నా చెయ్యి ఊరుకోదు గదా. విరిచాను, వాసన చూశాను, వేలితో గీశాను.

"బూడిద చాలా తక్కువ" అన్నాను ఉద్యోగపు గొంతుతో. "తేమ లేదు. గంధకం అసలే లేదు."

"గంధకమా?" అన్నాడు. "భాయి సాబ్, ఇది తుమ్మకట్టె బొగ్గు. మీరు దేని మీద కాల్చారు?"

చెప్పాను. అతను చేతిలోని విసనకర్ర ఆపేశాడు. పక్క బండివాణ్ణి పిలిచి, నన్ను చూపించి, ఒకసారి మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. ఇద్దరూ కలిసి మూడోవాణ్ణి పిలిచారు. ఢిల్లీలో నాకు అంత గుర్తింపు వస్తుందని అనుకోలేదు. నాలుగో సీకుకు యాసీన్ భాయి డబ్బులు తీసుకోలేదు. నవ్వించినందుకు కూలి అన్నాడు.

సత్తెమ్మ ఇదంతా అరటిపండు తింటూ చూసింది. గల్లీ దాటాక, "మాంసం కంటే ముందల సీకును వేడి చేస్తుండు, సూసినవా?" అంది.

నేను చూడలేదు. తింటున్నాను.

అలవాటు చొప్పున ఒక బొగ్గుముక్కను కాగితంలో పొట్లం కట్టి, పైన "ఢిల్లీ, మసీదు గల్లీ, తుమ్మ" అని చీటీ రాసి సంచీలో వేసుకున్నాను. సోమవారం మా ఆవిడది శాకాహారం, నాది శాఖాహారం. ఎక్కడికి పోయినా శాఖ పద్ధతి వదలను.

లక్నో, గురువారం

లక్నోలో మాంసం కూడా మర్యాదగా ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే తనంతట తానే తప్పుకుంటుంది. నా పళ్ళు ముప్పై రెండింటికీ ఆ రోజు సెలవు. పళ్ళూడిన ఒక నవాబు కోసం ఈ మెత్తదనం కనిపెట్టారని దుకాణంలో చెప్పారు. మన దగ్గర పళ్ళూడితే జొన్నగట్క కలిపిస్తారు, వీళ్ళు కబాబు కనిపెట్టారు. నవాబీ ఎక్కడ తేడా చేస్తుందో నాకప్పుడు అర్థమైంది. రెండు పరాటాలు, కబాబులు కలిపి పది రూపాయలు.

అక్కడి పెద్ద వంటవాణ్ణి అందరూ బడే మియా అంటున్నారు. డెబ్భై దాటి ఉంటాయి. ఆయన కైమా పళ్ళెం మధ్యన చిన్న గిన్నె పెట్టి, అందులో ఒకే ఒక్క నిప్పు వేసి, దాని మీద చెంచాడు నెయ్యి పోసి, మూత పెట్టేశాడు. లోపల పొగ సుడి తిరిగింది. కాసేపటికి మూత తీసి నిప్పును పారేశాడు.

"అంతేనా?" అన్నాను.

"పొగ అత్తరు లాంటిది హుజూర్" అన్నాడు. "రాసుకోవాలి. అందులో స్నానం చెయ్యకూడదు."

నేను మా చుట్టాలకు చేయించింది స్నానం. నా మొహంలో అది కనబడినట్టుంది, ఆయన ఇంకేమీ అడగలేదు. లక్నో మర్యాదకు ఆ రోజు నిజంగా దండం పెట్టాను. సత్తెమ్మ మాత్రం ఆయన పక్కన పీట వేసుకుని, మూత ఎంతసేపు పెట్టాలి, నెయ్యి ముందా నిప్పు ముందా, కైమాను ఎన్నిసార్లు పిసకాలి అని హిందీలో గంటసేపు ఆరా తీసింది. ముట్టని మాంసం గురించి అంత ఆరా ఎందుకన్నాను.

"నువ్వు ముడుతున్నవు గదా. ఎవలో ఒకలు నేర్సుకోవాలె గదా" అంది.

స్టేషన్‌లో పోలీసు మా సంచీ విప్పించాడు. ఢిల్లీ పొట్లం, లక్నో పొట్లం బయటపడ్డాయి. నల్లటి ముక్కలు, కాగితం చుట్టి, పైన చీటీలు.

"ఏమిటివి?"

"బొగ్గు."

"ఎక్కడి నుంచి?"

"ఢిల్లీ నుంచి ఒకటి, మీ ఊరి నుంచి ఒకటి."

"ఎక్కడికి?"

"చంద్రపూర్."

"అక్కడ బొగ్గు దొరకదా?"

ప్రశ్న చిన్నదే, జవాబే పెద్దది. "అక్కడంతా బొగ్గు గనులే. నేనూ గనుల్లోనే పని చేస్తాను" అని మొదలుపెట్టాను. చెబుతున్నకొద్దీ ఆయన చెయ్యి లాఠీ మీదికి పోతోంది. బొగ్గు గనుల మనిషి రెండు ముక్కల బొగ్గు ఢిల్లీ నుంచి మోసుకుపోతున్నాడంటే నేనైనా నమ్మను. అప్పుడు సత్తెమ్మ ముందుకొచ్చి, చంద్రపూర్ హిందీలో, "సాబ్, మా ఆయనకు దిమాగు కొంచెం తక్కువ. కాశీకి తీసుకపోతున్న" అంది.

పోలీసు వెంటనే నమ్మాడు. సంచీ తనే కట్టి ఇచ్చాడు. ఆమెకు రైలుపెట్టెలో కిటికీ పక్క సీటు కూడా ఇప్పించాడు.

కాశీ, శనివారం

దర్శనం బాగా జరిగింది. దాని గురించి నాకంటే బాగా రాసినవాళ్ళున్నారు. నేను రాయగలిగింది ఘాటు మెట్ల పైన, సందు మొగదల కూర్చున్న ఒక ముసలమ్మ గురించి. ఆమె ముందు పిడకల నిప్పు. ఆ నిప్పులో గోధుమపిండి ఉండలు, పక్కన వంకాయలు, టమాటాలు. ఉండలు కాలాక బూడిద దులిపి, నేతిలో ముంచి, కాల్చిన వంకాయ మెదిపిన చట్నీతో ఇస్తోంది. బాటీ చోఖా అంటారట. నాలుగు ఉండలు, చట్నీ కలిపి ఐదు రూపాయలు.

దిగిన ప్రతి ఊళ్ళో అరటిపళ్ళతో సరిపెట్టుకున్న సత్తెమ్మ ఎనిమిది తిన్నది. నేను ఆరు తిని, కాశీకి వస్తే ఇష్టమైంది వదలాలంటారు గదా అని లెక్కపెట్టడం వదిలేశాను.

"పిడకల మీద కాల్చింది. ఏమన్నా వాసనొస్తుందా?" అంది సత్తెమ్మ.

"రావట్లేదు."

"మరి నీ మంచి గ్రేడు బొగ్గు పెండ కంటే అధ్వానమా?"

నిజం చెప్పాలంటే నన్ను కుట్టింది ఆ మాట కాదు, ఆ వంకాయ. చలికాలం వస్తే మా చంద్రపూర్ చుట్టుపక్కల చేలల్లో కందికట్టె మంట పెట్టి వంకాయలు కాల్చి, మెదిపి, భరీత్ అనే పచ్చడి చేసుకుంటాం. పాలు పట్టిన జొన్నకంకులు నిప్పుల్లో కాల్చుకుని, నలిపి, ఊదుకుని తింటాం. మా తాతల నాటి నుంచి చేస్తున్నదే. అది బార్బెక్యూ అని ఎవరూ చెప్పలేదు, నిక్కరు వేసుకోవాలని తెలియలేదు. టీవీలో చూస్తే తప్ప మా నిప్పు మాకు కనబడలేదు.

ఆ ముసలమ్మ దగ్గర పిడక నమూనా కూడా తీసుకోబోయాను. సత్తెమ్మ చూసిన చూపుకు చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

హైదరాబాద్, మళ్ళీ సోమవారం

చార్మినార్ అవతలి హోటల్లో పాషా భాయి బొగ్గు మీద మాంసం పెట్టడు, బండ మీద పెడతాడు. కింద నిప్పులు, పైన బెత్తెడు మందం నల్లరాతి పలక, దాని మీద పలచటి మేకమాంసం ముక్కలు. పత్తర్ కా గోష్త్. ప్లేటు ఇరవై ఐదు రూపాయలు. ఈ యాత్ర మొత్తంలో నా జేబు అరిచిన చోటు ఇదొక్కటే. నోరు మాత్రం అరవలేదు.

"బండ ఎందుకు భాయి?" అన్నాను.

"నిప్పు మాటిమాటికి కోపానికొస్తది సాబ్" అన్నాడు నిప్పులకు విసురుతూ. "బండకు కోపం లేట్. ఒక్కసారి వేడెక్కినంక మనం చెప్పినట్టింటది. కొత్త చేతికి బండే మంచిది. ఆగమాగం చేస్తే మాత్రం రెండు ముక్కలైతది."

"మాంసమా?"

"బండ."

కొత్త చెయ్యి అని నన్ను చూడగానే ఎలా పట్టాడో తెలియదు. బహుశా కొత్త చేతులన్నీ నాలాగే కబాబు తినకుండా బొగ్గు వాసన చూస్తాయేమో. నిప్పుకూ మాంసానికీ మధ్య ఏదో ఒకటి ఉండాలన్నది మాత్రం నా తలకెక్కింది. గిన్నె మర్చిపోయినవాడికి బండే దిక్కు. అటువంటి పలక ఒకటి ఎక్కడ దొరుకుతుందని అడుగుతుండగానే సత్తెమ్మ, "బొగ్గు మోసినవు. ఇగ బండ గూడ మోస్తవా? పోలీసోనికి ఈసారి నేను ఏం చెప్పాలె?" అంది. మా ఊళ్ళోనే చూసుకుందాం అనుకున్నాను.

రైలు విరూర్ దాటగానే చాయ్‌వాడి మరాఠీ వినబడింది. మా జిల్లా వచ్చేసిందన్నమాట. దేశం తిరిగినంతసేపు నేను యాత్రికుణ్ణి. ఇక దిగితే మళ్ళీ ఇంజన్‌ని.

చంద్రపూర్, మళ్ళీ

ఇప్పుడు తుమ్మబొగ్గు కావాలి. ఊరంతా తిరిగాను. ఈ ఊళ్ళో బొగ్గు అడిగితే చెయ్యి ఎత్తి గనులు చూపిస్తారు. నాలుగో రోజు, ఉతికిన చొక్కాలు తీసుకుని మా గల్లీ చివర ఇస్త్రీ బండి దగ్గరికి పోయాను. నాగోరావు ఇస్త్రీపెట్టె మూత తెరిచి నిప్పులు కదుపుతున్నాడు. నేను చొక్కాలు బండి మీద పెట్టి లోపలికి తొంగిచూశాను.

"నాగోరావు, ఇదేం బొగ్గు?"

"తుమ్మది సాబ్. గని బొగ్గు వేస్తే బట్టలు కంపు కొడతాయి గదా" అన్నాడు, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

పదిహేనేళ్ళుగా ఆ బొగ్గు వారానికి రెండుసార్లు నా చొక్కాల మీదుగా పోతోంది. నాగోరావు నా చొక్కాలకిచ్చిన మర్యాద నేను మేకకివ్వలేదు. ఢిల్లీ, లక్నో పొట్లాలు ఆ సాయంత్రమే అతని ఇస్త్రీపెట్టెలో కలిపేశాను. ఒక బస్తా బొగ్గు ఇప్పించాడు. బండ, సమాధి రాళ్ళు చెక్కేవాడి దగ్గర దొరికింది. ఈ ముక్క దావత్‌కు వచ్చినవాళ్ళెవరికీ చెప్పలేదు.

దావత్ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి నిప్పు రాజేశాను. చుట్టూ కోఠారి వాళ్ళు కుర్చీలు వేసుకుని, నాటకం మొదలవుతుందన్నట్టు కూర్చున్నారు. సుధాకర్ పిల్లలకు కూత నేర్పుతున్నాడు. మంజుల వంటింటి కిటికీలోంచి నన్ను చూస్తోంది. ఆ పిల్ల మొహంలో ఉన్నది నా మీద నమ్మకం కాదు, జాలి. పక్కన సత్తెమ్మ. ఆ రోజు ఆదివారం. ఆమె మెల్లగా, "ఇంకా పెట్టకు... బండ మీద నీళ్ళు జల్లు... చుర్ర్‌మంటుందా? ఇగ పెట్టు... ఇప్పుడు తిప్పు" అంటోంది. నేను పెట్టాను, తిప్పాను. దేశమంతా తిరిగి తిన్నవాణ్ణి నేను, తినకుండా నేర్చుకున్నది ఆమె.

మొదటి ముక్క వియ్యంకుడికి. నమిలాడు. ఆగాడు. ప్లేటు ముందుకు చాపాడు.

"ఇంకో నాలుగెయ్యండి బావగారు" అన్నాడు.

పొగ రాలేదు, పొగడ్త వచ్చింది. కాబోయే అల్లుడు మూడుసార్లు వచ్చాడు, మూడోసారి తల దించుకోకుండానే వచ్చాడు. సుధాకర్ రెండు ప్లేట్లు తిని, వేళ్ళు నాకి, అందరూ వినేలా, "ఒప్పుకోవాలె. మా బావ పొగబండి కాదు ఇప్పుడు. కరెంటు ఇంజన్" అన్నాడు.

అందరూ నవ్వారు. అల్లుడు కూడా. పది రోజులు, నాలుగు ఊళ్ళు, ఒక బండ. ఇంతా చేస్తే ఇంజన్ పోలేదు, కరెంటు పెట్టుకుని కూర్చుంది.

నెల తిరక్కుండా సుధాకర్ కిలో దూద్‌పేడాలతో ఇంటికొచ్చాడు. "బావా, మూల్ రోడ్డు మీద జాగ తీసుకున్న. గార్డెన్ రెస్టారెంట్. బార్బెక్యూ అని బోర్డు గూడ రాయించిన. నువ్వు నేర్సుకున్నదంత కాగితం మీద రాసియ్యి."

రాసిచ్చాను. నిజాయితీగా, ఒక్క మెలిక కూడా దాచకుండా, సీకు వేడి నుంచి బండ కోపం దాకా, నలభై పేజీలు. నేను బెల్లంపల్లి బడిలో చదివినవాణ్ణి, కాబట్టి తెలుగులో రాశాను. సుధాకర్ చంద్రపూర్‌లో మరాఠీ బడిలో చదివాడు. మొదటి పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు, మధ్యలో బొమ్మలేమన్నా ఉన్నాయేమోనని తిరగేశాడు.

"మరాఠీల రాయకపోయినవా బావా?"

"మరాఠీల నాకు సంతకం వరకే వస్తది బామ్మర్దీ."

"అక్కతోని చదివించుకుంటా."

"అక్కదీ నీ బడే."

మా పిల్లలది, కాబోయే అల్లుడిది కూడా మరాఠీ బడే. మా ఇంట్లో ఆ నలభై పేజీలు చదవగలిగే మనిషి నేనొక్కణ్ణే. అందుకని సుధాకర్ ప్రతి ఆదివారం పొద్దున వస్తాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక పేజీ చదివి వినిపిస్తాను. మొదటివారం గేటు దగ్గర "ఇంజన్ బావా" అని పిలిచాడు. ఆ రోజు నా కళ్ళజోడు ఎంత వెతికినా దొరకలేదు. రెండోవారం కూడా. మూడోవారం నుంచి, "రాజలింగం బావగారూ, ఉన్నరా?" అని వీధంతా వినబడేలా పిలుస్తున్నాడు. కళ్ళజోడు వెంటనే దొరుకుతోంది. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. నిప్పు రాజేసే సంగతి ఇరవై ఆరో పేజీలో ఉంది. హోటలు తెరవడం ఉగాది తర్వాతకు జరిపాడు.

ఈ యాత్ర కథ అచ్చయితే పత్రిక పట్టుకుని వస్తాడు, తన పేరు ఎక్కడుందో చూపించమంటాడు. చూపిస్తాను. మొత్తం చదివి వినిపిస్తాను కూడా, ఈ చివరి రెండు పేరాలు తప్ప.